చేసినోడి పేరు

మ్యూజియం చెప్పే మొదటి అబద్ధం రిజిస్టర్లోనే ఉంటుంది. అద్దాల పెట్టెలోకి వచ్చేసరికి దాని మీద దీపం పడి అది చరిత్ర అయిపోతుంది.

నేను పనిచేసిన యూనివర్సిటీ మ్యూజియంలో అక్సెషన్ రిజిస్టరు అంటే ఎర్ర అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఒక్కో వస్తువుకి ఎనిమిది గడులు. నంబరు, వస్తువు పేరు, దేనితో చేశారు, కొలతలు, కాలం, ఎక్కడిది, ఎవరిచ్చారు, ఎవరు చేశారు. ఆ ఎనిమిదో గడిలో నా చేత్తో నేను కొన్ని వందలసార్లు ఒకటే మాట రాశాను. 'తెలియదు.' మొదట్లో ప్రతిసారీ పూర్తిగా రాసేవాణ్ణి. తర్వాత పేజీ పైన ఒక్కసారి 'తెలియదు' అని రాసి, కింద చివరిదాకా రెండేసి చుక్కలు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. పైన ఉన్నదే ఇక్కడ కూడా అని దానర్థం.

ఈ వ్యాసం ఆ రెండు చుక్కల గురించి. అవి పెట్టిన చెయ్యి నాది కాబట్టి నా గురించి కూడా.

*

మాది నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. ఉదయగిరి కొండకీ ఆత్మకూరుకీ నడాన ఒక పల్లె. నెల్లూరు అనగానే అందరికీ పెన్న, వరిమళ్ళు, మొలగొలుకులు గుర్తొస్తాయి. మా వైపు వస్తే నీళ్ళు బావి అడుగున ఉంటాయి. అవి పైకి రావాలంటే ఎద్దులు కావాల, మోకు కావాల, గిలక కావాల, బాన కావాల. బాన అంటే తోలుసంచి. కింద ఏనుగు తొండం మాదిరి ఒక తోలు గొట్టం ఉంటది. ఎద్దులు వాలులో దిగితే బాన పైకొస్తది. తొండం తొట్టిలోకి వాలి నీళ్ళు కక్కతది. దీన్నే కపిల అంటారు.

బావి రెడ్డిది. ఎద్దులు రెడ్డివి. బాన మాత్రం మాదిగోడు కుట్టాల. కళ్ళంలో కొలిచే మేరకి ఏడాది పొడుగునా బాన కుట్టడం, అతుకులెయ్యడం, చెప్పులు, పలుపులు, చెర్నాకోలలు అన్నీ మా తాతే చూసుకోవాల. కపిల కింద పండిన ప్రతి గింజా ఆ తోలుసంచిలో నీళ్ళు తాగి పండిందే. చచ్చిన గొడ్డు తోల్లో నుంచి, మాదిగోడి కుట్టులో నుంచి వచ్చిన నీళ్ళకి మైల లేదు. అవే నీళ్ళు తొట్టిలోకి పడినాక మాదిగోడు చెయ్యి పెడితే మైల. ఈ తర్కం ఏ శాస్త్రంలో ఉందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఇనపబానలొచ్చినై. తాతకి తొండం ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత కరెంటు మోటార్లొచ్చినై. తొండమూ పోయింది.

నేను ఆత్మకూరులో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నా. ఆ తర్వాత యూనివర్సిటీ. ఎమ్మే చరిత్ర, పురావస్తు శాస్త్రం. 1993లో యూనివర్సిటీ కళా మ్యూజియంలో క్యూరేటోరియల్ అసిస్టెంటుగా తీసుకున్నారు. కన్సాలిడేటెడ్ పే. రోస్టరు లేని ఉద్యోగం. పేరుకి క్యూరేటోరియల్ గానీ పని అన్ని రకాలు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడం, వస్తువుకి నంబరు కట్టడం, టేపు పెట్టి కొలవడం, వానాకాలం తోలుకీ గుడ్డకీ బూజు పట్టకుండా మందు పెట్టడం, లేబుళ్ళు టైపు కొట్టడం. ఆ పని నాకిష్టంగానే ఉండేది. వస్తువుని ఎట్టా పట్టుకోవాలో, ఎండా తడీ దాన్ని ఎట్టా తింటాయో అక్కడే నేర్చుకున్నా.

నా బైబిలు పేరు చూసి "మీరు క్రిస్టియన్స్ కదా" అనేవాళ్ళు. "అవునండీ" అనేవాణ్ణి. అంతకుమించి వాళ్ళడగలేదు. నేను చెప్పలేదు. చెప్పకపోవడంలో ఎంత సుఖముందో, ఎంత భయముందో చదువుకున్న మాదిగోళ్ళకీ మాలోళ్ళకీ నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

*

మ్యూజియం పెద్ద హాల్లో రాతి విగ్రహాలు. పక్క గదిలో కంచు విగ్రహాలు, రథం చెక్కడాలు. మేడ మీద చిత్రాలు. మెట్ల కింద, నీళ్ళ పంపు పక్కన 'జానపద విభాగం'. అక్కడ తోలుబొమ్మలు, కుండలు, బుట్టలు, ఒక పలక. ఒక మూల మేకుకి ఒక బాన వేలాడతా ఉండేది.

దాని కార్డు ఇది. 'నీళ్ళ సంచి. తోలు. నెల్లూరు జిల్లా. 19వ శతాబ్దం చివర.' ఆ కింద దాత పేరు. మూడు పొడి అక్షరాలతో, ఇంటిపేరుతో, 'గారు'తో సహా. ఆ కింద 'ఎవరు చేశారు: తెలియదు.'

దాత మా ఆత్మకూరు వైపు పెద్ద రైతు. పాతింటి అటక మీది ఇత్తడి సామానూ చెక్క సామానూ ఇస్తా దాంతోపాటు బానా ఇచ్చినాడు. ఒక్కసారి ఆలోచించండి. ఇచ్చినాయన పేరు తెలుసు. పొడుగూ వెడల్పూ సెంటీమీటర్లతో తెలుసు. చేసినోడు ఒక్కడే తెలియదు. ఆ బాన ఆయన బావిలోకి ఆకాశంలోంచి ఊడిపడిందా? ఏ ఇంటికి ఏ మాదిగోడు పనిచెయ్యాల, ఏ కళ్ళంలో ఎవురు మేర పట్టాల అనేది ఊళ్ళో ముందే పంచి ఉంటది. అది పిల్లోడికి కూడా తెలుసు. దాత వచ్చిన రోజున రిజిస్టరు ముందు పెట్టుకున్న మనిషి ఒక్క ప్రశ్న అడిగుంటే చాలు. అడగలేదు. అడగాలని తోచలేదు. తోచకపోవడమే కులం.

*

ఆ రోజుల్లోనే విజయనగర శిల్పం మీద ప్రదర్శన పెట్టాలనుకున్నారు. "మీది ఉదయగిరి వైపే గదా" అని నోట్సు నన్నే రాయమన్నారు. ఉదయగిరి కొండ నాకు పుట్టినకాణ్ణుంచి తెలిసిందే. గొడ్లు తోలుకోని, కట్టెలకి పొయ్యి మావాళ్ళు ఎక్కి దిగిన కొండే. పుస్తకాల్లో అది వేరే కొండ. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికొచ్చి ముట్టడి వేసి 1514లో ఆ కోట పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపొయ్యి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. శాసనం కూడా వేయించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

చూడండి, ఎంత చక్కటి జాతకమో. ఎక్కడుండేది, ఎవరు పట్టుకుపోయారు, ఏ సంవత్సరం, ఏ గుడిలో నిలబెట్టారు, ఇప్పుడెక్కడుంది. అన్ని గడులూ నిండినై. యుద్ధంలో ఎత్తుకుపోయిన రాయికి అయిదు వందల ఏళ్ళ వివరం ఉంది. నలభై ఏళ్ళ కిందట మా పల్లెల్లో కుట్టిన తోలుకి లేదు.

ఆ ముట్టడి గురించి నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాశాడు. కోటకి ఒక మనిషి తర్వాత ఒక మనిషి పోయేంత ఇరుకు దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు కొండలు తొలిపించి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి సైన్యానికి దారి వేయించాడనీ, ముట్టడి ఏడాదిన్నర సాగిందనీ చెప్పాడు. బండలు పగలగొట్టినోళ్ళు ఎవురు? ఏ పల్లెలోళ్ళు? ఎంతమంది చచ్చినారు? నూనిజుకి అక్కర్లేదు. శాసనానికి అక్కర్లేదు. తీరా చూస్తే నా నోట్సులో నేనూ 'రాయలు బండలు పగలగొట్టి దారి వేశాడు' అనే రాశాను. రాయలే సమ్మెట పట్టుకున్నట్టు!

విగ్రహం చూసి రమ్మని నన్ను మద్రాసు పంపారు. చూశా. బాగుంది. బాగాలేదని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. కానీ ఆ ఆవరణలో తిరగతా ఉంటే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1885 నుంచి 1908 దాకా ఆ మ్యూజియానికి సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్. 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేసినవాడు. మనుషుల తలలూ ముక్కులూ పరికరాలు పెట్టి కొలిచేవాడు. మ్యూజియంలోనే కొలతలు తీసేవాడు. మా కులం మీద ఆ సంపుటాల్లో పెద్ద వ్యాసమే ఉంది. కొలతలకి సగటులుంటాయి. ముక్కు ఎవరిదో పేరుండదు. నేను బానని టేపుతో కొలిచి పొడుగూ వెడల్పూ రాసి చివర్లో 'తెలియదు' అని పెట్టినట్టే ఆయనా చేశాడు. ఆయన మనిషిని కొలిచాడు, నేను మనిషి చేసిన వస్తువుని కొలిచాను. గడులు మాత్రం అవే.

"ఆ కాలంలో మాదిగల పేర్లు ఎవరు రాసుకునేవాళ్ళండీ" అని ఒక వాదన ఉంది. చదువుకున్నోళ్ళు తరచూ చేసే వాదన. థర్‌స్టన్ కంటే పదేళ్ళ ముందు, 1899లో, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అనే మిషనరీ దొరసాని ఒంగోలు వైపు మాదిగల కథలు పుస్తకంగా వేసింది. 'చెప్పులు కుట్టుకుంటూ' అని దాని పేరుకి తెలుగు చెప్పుకోవచ్చు. మమ్మల్ని క్రీస్తులో కలపాలన్నది ఆమె పని, అది దాచలేదు. అయితే ఆమె అడిగింది. వాళ్ళు చెప్పారు. తోళ్ళ వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య పేరు మిషన్ చరిత్రలో ఈనాటికీ ఉంది. బాప్తిస్మం ఇవ్వాలంటే పేరు రాసుకోవాల గదా. ఉదయగిరిలో, ఆత్మకూరులో కూడా అమెరికన్ బాప్టిస్టులు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే స్టేషన్లు పెట్టారు. అక్కరున్నోళ్ళు రాసుకున్నారు. అక్కర్లేనోళ్ళకి తెలియలేదు. అంతే.

*

1994లో ఎండాకాలానికి ముందు మా అమ్మ నన్ను చూడ్డానికొచ్చింది. "నువ్వు ఏం పని చేస్తావురా, బొమ్మలకి కాపలానా" అని అడగతా ఉంటే మ్యూజియంలోకి తీసుకుపోయినా. విగ్రహాలకి దండం పెట్టలేదు, చర్చి మనిషి. మెట్ల కిందికి రాగానే బాన చూసి ఆగిపోయింది.

"ఇదేందిరా, దీన్ని ఈడ తగిలించుండారు?"

దగ్గరికి పోయింది. ముట్టుకోకూడదని నేను చెప్పేలోపల రెండువేళ్ళతో అంచు పట్టుకోని నలిపింది. తోలు మందం చూసింది. లోపలికి చెయ్యి పెట్టి కుట్టు తడిమింది. మా తాతకి సాయంగా తంగేడు చెక్క దంచిన చేతులు, వార్లు తడిపి ఇచ్చిన చేతులు అవి.

"దున్నపోతు తోలు నాయినా ఇది. సున్నంలో సరిగ్గా నానలేదు, ఈడ చూడు బొచ్చు వేళ్ళు అట్నే ఉండాయి."

"ఎవరు కుట్టిందో చెప్పగలవామ్మా?"

"ఎవురు కుట్టిందో నాకెట్ట తెలస్తాది? ఎట్టాంటోడు కుట్టిందో చెప్తా. ఎడంచేతోడు. వారు ఎడం నుంచి లాగినాడు, ముడి ఇట్ట పడింది. మంచి పనోడు. ఈ అతుకు మాత్రం వాడిది గాదు, ఇంకోడిది. తొందరలో ఏసినాడు. పైరు ఎండిపోతావుంటే రెడ్డి వచ్చి నెత్తిన కూకోని ఉంటాడు గదా."

మళ్ళీ తొండం మొదట్లో వేలు పెట్టి నవ్వింది. "ఇదేందో చూడు. సైకిల్ టూబు ముక్క. నీళ్ళు కారకుండా లోపల ఏసినారు."

ఆ దాత ఊరి పేరు చెప్పినా. ఆ ఊరికీ పక్క రెండూళ్ళకీ బానలు కుట్టే ఇళ్ళు మూడే ఉండేవంది. మూడిళ్ళ పేర్లూ చెప్పింది. ఒక ఇంట్లో ఎడంచేతి మనిషి ఉండేవాడని కూడా చెప్పింది. గొంతు పెద్దది మా అమ్మకి. మెట్ల కింద ప్రతిధ్వని వస్తావుంది. "మీ తాత అయితే ఇంతకన్నా సన్నంగా కుట్టేవాడు" అంది.

ఆఫీసు గది తలుపు తెరిచుంది. లోపల టైపిస్టు, లైబ్రేరియన్ ఉన్నారు. నేను అటు చూశాను. "అమ్మా, మెల్లిగా" అన్నా.

అమ్మ నా మొహం చూసింది. అర్థమైంది ఆమెకి. బాన అంచు వదిలిపెట్టింది. "సరేలే నాయినా. నేను బయట చెట్టుకింద కూకుంటాలే, నువ్వు పని చూసుకో" అంది.

ఆ రోజు నా జేబులో పెన్సిలుంది. చేతిలో కార్డుంది. నేను మూడిళ్ళ పేర్లు రాసుకోలేదు.

ఇంకా దరిద్రం చెప్తా వినండి. వారం తర్వాత క్యూరేటర్ గారి దగ్గరికి పొయ్యి, "సార్, ఈ బాన 19వ శతాబ్దంది అయ్యుండదు, లోపల సైకిల్ ట్యూబు రబ్బరుంది" అని చెప్పినా. ఆయన టార్చిలైటు వేసుకోని చూసి, "భలే పట్టావయ్యా" అని మెచ్చుకున్నారు. కాలం గడిలో పాత మాట కొట్టేసి '20వ శతాబ్దం మధ్య' అని రాయించారు. పట్టింది అమ్మ. మెప్పు నాకు. మ్యూజియం మా తాతల్ని ఏం చేసిందో నేను మా అమ్మని అదే చేశాను. చేసినోడి పేరు మింగేసినోళ్ళ వరసలో నేనూ నిలబడ్డా.

*

ఆ ఏడాది జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. మా పక్క జిల్లానే. నెలలు తిరక్కుండా నాతో చదువుకున్నోళ్ళు పేరు చివర 'మాదిగ' అని పెట్టుకోని ఉత్తరాలు రాయడం మొదలెట్టినారు. కవరు మీద కూడా అదే. ఆ కవర్లు మ్యూజియం అడ్రసుకే వచ్చేవి. మొదటి కవరు వచ్చిన్నాడు నేను దాన్ని సొరుగులో తోసేశాను. తర్వాత్తర్వాత బల్లమీద పెట్టడం నేర్చుకున్నా.

1995లో ధైర్యం చేసి క్యూరేటర్ గారిని అడిగినా. సైకిల్ ట్యూబు చూసింది మా అమ్మ అని చెప్పినా. ఎవరు చేశారు అన్న గడిలో 'మాదిగలు' అనీ, మూడు ఇళ్ళ పేర్లూ రాద్దామన్నా.

ఆయన చెడ్డవాడు కాదు. అభ్యుదయ భావాలున్న మనిషి. నా టీ డబ్బులు కూడా ఎన్నోసార్లు ఆయనే ఇచ్చారు. కాసేపు మౌనంగా ఉండి రెండు మాటలన్నారు. "మ్యూజియం అందరిదీ, ఇక్కడ కూడా కులం ఎందుకయ్యా?" ఇది ఒకటి. "మీ అమ్మగారు చెప్పింది సరే, ఆధారం ఏదీ?" ఇది రెండోది.

ఆ రెండు మాటలకీ అప్పుడు జవాబు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తా.

మ్యూజియంలో కులం లేదా? పెద్ద హాలుకి పోండి. ప్రతి విగ్రహం కింద రాజు వంశం రాసుంటది. గుడి పేరు, అగ్రహారం పేరు, దానం ఇచ్చినాయన గోత్రం ఉంటది. దాత పేరు చివర కులం తోక అట్నే ఉంటది. అవన్నీ చరిత్ర. మాదిగ అన్న మాట రాగానే అది కులం. మెట్ల కింద, నీళ్ళ పంపు పక్కన పెట్టిన 'జానపదం' అన్న పలకే మాకు కట్టిన వాడ. ఊరు హాల్లో ఉంది, పల్లె మెట్ల కింద ఉంది.

ఇక ఆధారం. దాత 'మా తాతల నాటిది, నూరేళ్ళది' అంటే అది రిజిస్టర్లోకి ఎక్కింది. అప్పుడు ఆధారం అడగలేదు. ఆయన నోటిమాటే ఆధారం. మా అమ్మ వేలు పెట్టి రబ్బరు చూపించినాక ఆ మాట తప్పని తేలింది. అయినా రెండోసారి అమ్మ చెప్తే ఆధారం కావాల్సొచ్చింది. కాలం గడి మారింది, ఎవరు చేశారన్న గడి మారలేదు. ఎందుకంటే కాలం మారితే ఎవరికీ నష్టం లేదు. చేసినోడి పేరు వస్తే ఆ మేర లెక్క వస్తది. మేర లెక్క వస్తే ఆ బావి, ఆ భూమి, ఆ నీళ్ళ మైల అన్నీ అద్దాల పెట్టెలోకి నడిచొస్తాయి.

మా అమ్మ చేసిన పనికి కళాచరిత్రలో పేరు కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో జొవాన్ని మొరెల్లీ అనే పండితుడు సంతకం లేని చిత్రాల్లో చెవులు, గోళ్ళు ఎట్టా గీశారో చూసి ఇది ఫలానా చిత్రకారుడిదని తేల్చేవాడు. చిన్న చిన్న వాటిల్లోనే చెయ్యి బయటపడతదని ఆయన వాదన. మాకు ఎమ్మేలో చెప్పారు, పరీక్షల్లో రాశాం. మా అమ్మ కుట్టు చూసి, ముడి చూసి ఎడంచేతోడని చెప్పింది. అది మొరెల్లీ చేస్తే పద్ధతి. మాదిగామె చేస్తే ముసలమ్మ కబుర్లు.

అమెరికాలో దక్షిణ కరోలినాలో డేవ్ అనే నల్ల బానిస కుమ్మరి పెద్ద పెద్ద జాడీలు చేసేవాడు. బానిసలకి చదువు నేర్పకూడదని 1834లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అయినా డేవ్ పచ్చిమట్టి మీద తన పేరూ తేదీ గీసేవాడు, పద్యాలు కూడా గీసేవాడు. ఇప్పుడాయన్ని డేవిడ్ డ్రేక్ అని పూర్తి పేరుతో మ్యూజియాలు పిలుస్తున్నాయి. 2022లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆయన జాడీలతో, ఆ వైపు నల్లకుమ్మరుల పనితో ప్రదర్శన పెట్టారు. పేర్లు దొరకని కుమ్మరుల దగ్గర 'తెలియదు' అని పెట్టకుండా 'నమోదు కాలేదు' అని అర్థమొచ్చే మాట పెట్టారు.

ఈ రెండు మాటలకీ తేడా చూడండి. 'తెలియదు' అంటే తప్పు చేసినోడిది. వాడు తెలియకుండా పోయాడు. 'నమోదు కాలేదు', ఇంకా సూటిగా 'రాయలేదు' అంటే తప్పు రాయాల్సినోడిది. నేను నా చేత్తో పెట్టిన ఆ రెండు చుక్కలన్నీ అబద్ధం. అక్కడ రాయాల్సింది 'మేం అడగలేదు' అని.

*

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఒకటుంది.

మా నాయన సింగిల్ టీచరు బడిలో అయ్యవారు. ఉద్యోగం వచ్చిన్నాడు ఇంటెనక ఉన్న లంద తొట్టిని గడ్డపారతో పగలగొట్టినాడు. తాత అడ్డం రాలేదు. ఆరె, రంపె ఏమైనాయో ఎవురికీ తెలీదు. నాయన చేసింది తప్పా? కాదు. 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని, మైల పనుల నుంచి బయటికి రమ్మని అంబేద్కర్ చెప్పింది అదే దోవ. లంద వాసన గురించి, సున్నానికి చీలిపొయ్యే వేళ్ళ గురించి తెలియనోళ్ళే 'అయ్యో, ఎంత గొప్ప కళ అంతరించిపోయింది' అని కన్నీళ్ళు పెడతారు. మా అమ్మని అడిగితే "ఆ పని మళ్ళీ ఎవురూ చెయ్యబళ్ళేదు" అంటది. అది మా చివరి మాట.

కాబట్టి లంద తిరిగి కావాలని నేను అడగడం లేదు. లంద పగలగొట్టినందుకు నాయన పేరూ, లంద కట్టినందుకు తాత పేరూ రెండూ రాయాలంటున్నా. మనం బయటికి రావాల్సింది పనిలోంచి. పని చేసినోళ్ళలోంచి కాదు.

మనవాళ్ళ కవిత్వంలో ఆరె, రంపె, లంద, డప్పు ఎన్నోసార్లు వచ్చినై. అవసరమే. కానీ మనం కూడా వాటిని ప్రతీకలు చేసి వదిలేశాం. దున్నపోతు తోలుకి సున్నం ఎన్నాళ్ళు, తంగేడు చెక్క ఎంత, వారు ఎటు నుంచి లాగాల, తొండం ఎట్టా అతకాల అనేది మనలో ఎంతమంది రాసుకున్నాం? 1903 ప్రాంతంలో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషాయన క్రోం తోలు ప్రయోగాలు మొదలెట్టాడు. నీళ్ళ బానలకి గట్టి తోలు తయారుచెయ్యడం కూడా ఆ ప్రయోగాల్లో ఉంది. అంటే మా తాతల పని ఆర్ట్ స్కూల్లో పాఠమైంది. చాటర్టన్ పేరు చరిత్రలో ఉంది. తంగేడు చెక్కతో శతాబ్దాల ముందు ఆ పని పట్టినోళ్ళ పేర్లు లేవు. వాళ్ళ పేర్లని మన కవితలు కూడా 'మా తాతలు' అనే ఒక్క మాటలో కలిపేస్తే ఆ మాట కూడా రెండు చుక్కలే.

*

నేను ఆ ఉద్యోగం వదిలేసి చాలా ఏళ్ళయింది. మొన్నీమధ్య అటు పనుండి వెళ్తే మ్యూజియంలోకి తొంగి చూశా. రంగులేశారు. జానపద విభాగాన్ని మెట్ల కింద నుంచి ఒక గదిలోకి మార్చారు. బానకి అద్దాల పెట్టె, పైన చిన్న దీపం. కొత్త లేబులు రెండు భాషల్లో ఉంది. 'అజ్ఞాత కళాకారుడు' అని రాసుంది. మాదిగోణ్ణి కళాకారుణ్ణి చేశారు. పేరు మాత్రం ఇవ్వలేదు. ప్రమోషన్ ఇచ్చి జీతం ఎగ్గొట్టినట్టు.

ఉదయగిరి చెక్క గరిటెలకి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. గరిటె మీద ఊరి పేరుంటది. చెక్కిన బీద ముస్లిం ఇంటి పేరుండదు. 2024 ఆగస్టు 1న షెడ్యూల్డు కులాల వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పయ్యేళ్ళ కొట్లాట తర్వాత 2025లో సర్కారు రిజిస్టర్లో మాకు మా పేరుతో ఒక గడి దొరికింది. మ్యూజియం రిజిస్టర్లో ఇంకా లేదు. దానికోసం ఎవరూ రాస్తారోకో చెయ్యరని నాకు తెలుసు. అందుకే ఈ మాట విద్యార్థులకి చెప్తున్నా.

మీ యూనివర్సిటీలో మ్యూజియం ఉంటే వెళ్ళండి. పెద్ద హాలు తర్వాత చూడొచ్చు. మెట్ల కిందికి పోండి. రిజిస్టరు చూపించమని అడగండి. ఎనిమిదో గడి చూడండి. వస్తువు ఏ ఊరిదో రాసుంటది, ఆ ఊరి పల్లెలోకి పోండి. ఇంకా కొంతమంది ముసలోళ్ళు మిగిలే ఉన్నారు. మీ అమ్మలనీ అవ్వలనీ మ్యూజియంలోకి తీసుకుపోండి. వాళ్ళు గొంతెత్తి మాట్లాడతారు. మాట్లాడనీండి. నాలాగా 'మెల్లిగా' అనొద్దు.

ఆ మూడిళ్ళ పేర్లు మీరు అడుగుతారని నాకు తెలుసు. ఆ తర్వాత అమ్మ దగ్గర కూర్చోని రాసుకున్నా. అమ్మ పోయిన ఏడాదికి ముందే రాసుకున్నా, అదొక్కటే నాకు మిగిలిన ఊరట. కాయితం నా దగ్గరుంది. మ్యూజియానికి ఒక కాపీ పంపించినా, కింద 'ఈ వివరాలు చెప్పింది' అని అమ్మ పేరు పెట్టినా. ఇంతవరకూ జవాబు రాలేదు. ఇక్కడ మాత్రం ఆ పేర్లు రాయను. ఇక్కడ రాస్తే మీరు చదివి అయ్యో అంటారు, వాళ్ళు 'ఎక్కడో పుస్తకంలో ఉందిగా' అని ఊరుకుంటారు. ఆ పేర్లకి ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంది. ముందు అక్కడ రాయాల.